నాయిస్ రాడార్‌ల 100 హెర్ట్జ్ దెయ్యం: రూంల ఎవరూ లేకున్నా టార్గెట్ కనబడుతున్నది, జర చూడుండ్రి

కాజీపేట_జంక్షన్:
అందరికీ నమస్తే. ఎంటెక్ ప్రాజెక్టుకు చిన్న నాయిస్ రాడార్ (చప్పుడు లెక్క గజిబిజి సిగ్నల్ పంపి, వాపస్ వచ్చినదాన్ని చూసే రాడార్) కడుతున్న, హన్మకొండల కిరాయి రూంలనే. ప్లూటో ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌తోని నడిచే రేడియో బోర్డు) ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, పంపెటందుకు ఒక ప్యాచ్ యాంటెన్నా, పట్టెటందుకు ఇంకోటి, పట్టే దిక్కు ఒక ఎల్ఎన్ఏ (లో నాయిస్ యాంప్లిఫయర్, సన్నటి సిగ్నల్‌ను పెంచేది) బోర్డు. కంప్యూటర్‌ల 16384 శాంపిళ్ల గాసియన్ నాయిస్ తయారుచేసి దాన్నే చుట్టూ తిప్పి పంపుతున్న, ఒక్కో చుట్టు 0.82 మిల్లీసెకండ్లు. 0.1 సెకండు రికార్డు చేసుకొని, పంపినదాని కాపీతోని కోరిలేట్ చేసి (పక్కపక్కన పెట్టి పోల్చి), అన్ని చుట్ల సగటు తీసేసి (కదలని వస్తువులు పోవాలని) రేంజ్-డాప్లర్ మ్యాప్ (ఏ దూరంల ఏది ఎంత స్పీడుతోని కదులుతున్నదో చూపే పటం) గీస్తున్న.

పొద్దున అంతా మంచిగనే ఉంటది. సాయంత్రం అయిందంటే మొదటి రేంజ్ గదిల (అంటే మ్యాప్‌ల దూరం చూపే మొదటి గడిల) ప్లస్ 100 హెర్ట్జ్ దగ్గర ఒకటి, మైనస్ 100 దగ్గర ఒకటి, జంటగ రెండు టార్గెట్లు వస్తున్నయ్. 2.4 గిగాహెర్ట్జ్‌ల 100 హెర్ట్జ్ అంటే సెకండుకు 6.25 మీటర్లు, గంటకు 22 కిలోమీటర్ల పైన. రూంల నేను తప్ప ఎవ్వరు లేరు, నేనేమో కుర్చీల కూసొని ఉన్న. ఏందిది?

ఇంకో అనుమానం గుడ ఉన్నది, అడిగితే నవ్వుతరేమో. పంపేదే నాయిస్ అయినప్పుడు లో నాయిస్ యాంప్లిఫయర్ ఎందుకు అసలు? మా దోస్తులు అదే అడిగి ఆటపట్టిస్తున్నరు.

పరకాల_పిల్ల:
రెండో ప్రశ్న నాక్కూడా ఉంది అన్నా, నవ్వేదేం లేదు. ఫాలో అవుతున్నా.

మానేరు_మైక్రోవేవ్:
తమ్మీ, రెండోది ముందు చెప్తా. నువ్వు పంపే నాయిస్‌కు నీ దగ్గర కాపీ ఉన్నది. ఎల్ఎన్ఏలో రెసిస్టెన్సులు, ట్రాన్సిస్టర్ పుట్టించే నాయిస్‌కు ఎవని దగ్గరా కాపీ లేదు. మేడారం జాతరల అంత జనం మొత్తుకుంటున్నా నీ బిడ్డ గొంతు నువ్వు పడతవు, ఎందుకంటే ఆ గొంతు నీకు ముందే ఎరుక. కోరిలేషన్ చేసే పని గదే. కాపీతోని కలిసేది పెరుగుకుంటూ పోతది, కలవనిది సగటుల పడి చప్పబడతది.

ఎంత పెరుగుతదంటే బ్యాండ్‌విడ్త్‌ని టైంతోని గుణిస్తే వచ్చేంత. నీకు 20 మెగాహెర్ట్జ్ ఇంటూ 0.1 సెకండు, 20 లక్షలు, అంటే 63 డీబీ (డెసిబెల్, ఎన్ని రెట్లో చెప్పే లెక్క, 10 డీబీ అంటే పది రెట్లు). మనం చేసే ఏ ఎల్ఎన్ఏ గుడ ఇంత లాభం ఇయ్యది. కానీ ఆ 63 డీబీ వచ్చినంక గుడ, కాపీ లేని నాయిస్ ఎంత తక్కువుంటే రాడార్ అంత దూరం చూస్తది, అందుకే ఎల్ఎన్ఏ కావాలె. దోస్తులకు గిది చెప్పు, నవ్వుడు బంద్ చేస్తరు.

100 హెర్ట్జ్ సంగతి రాత్రి చూస్తా, ఇప్పుడు డ్యూటీ.

హన్మకొండ_హార్డ్‌వేర్:
సాయంత్రం పూటనే వస్తుందంటే ఇంకేముంది, ట్యూబ్‌లైట్. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ లోపల గ్యాస్ సెకండుకు 100 సార్లు అంటుకుంటది ఆరిపోతది, అంటుకున్నప్పుడు మైక్రోవేవ్‌ను వాపస్ కొడతది, ఆరినప్పుడు కొట్టది. 50 హెర్ట్జ్ కరెంటుకు రెండింతలు కాబట్టి 100. తలుపులు తెరిచే చిన్న డాప్లర్ మాడ్యూళ్లు కూడా ట్యూబ్‌లైట్ చూసి ఎవరో వచ్చారనుకుంటాయి, ఈ గోల అందరికీ తెలిసిందే. లైట్ ఆపి చూడు.

కాజీపేట_జంక్షన్:
అన్నా రూంల ట్యూబ్‌లైటే ఉన్నది, నిజమే, చోక్‌దే. ఆపి చూసిన. కొంచెం తగ్గినట్టు అనిపించింది గని పోలేదు. పక్క రూంల గుడ ట్యూబ్‌లైట్లే, గోడ పల్చగ ఉంటది, దాంది వస్తుందేమో తెల్వది.

రిటైర్డ్_రాడార్:
బాబూ, "తగ్గినట్టు అనిపించింది" అనే మాట మన పనిలో చెల్లదు. ట్యూబ్‌లైట్ కూడా దోషి కావచ్చు, కరెంటు సప్లై కూడా కావచ్చు, ఇద్దరూ సాయంత్రమే బయటికొస్తారు. విడదీయాలంటే గాలిని మధ్యలోంచి తీసేయండి. యాంటెన్నాలు రెండూ ఊడదీసి, పంపే పోర్టు నుంచి 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది), దాని తర్వాత 10 మీటర్ల ఆర్‌జీ 58 కేబుల్, దాని తర్వాత మీ ఎల్ఎన్ఏ పెట్టండి. ఆ కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్‌లో మీటరుకు దాదాపు ఒక డీబీ తింటుంది కాబట్టి అటుఇటుగా మొత్తం 40 డీబీ పోతుంది, మీ రెండు యాంటెన్నాల మధ్య లీకేజీకి (పంపేదాని నుంచి నేరుగా పట్టేదానిలోకి దూరే సిగ్నల్‌కు) దగ్గరగా ఉంటుంది. కేబుల్లో సిగ్నల్ కాంతి వేగంలో మూడింట రెండు వంతులే నడుస్తుంది, 10 మీటర్లకు 50 నానోసెకండ్లు, అంటే రాడార్ దృష్టిలో ఏడున్నర మీటర్ల దూరంలో ఒక గోడ ఉన్నట్టు. మీ 20 మెగాహెర్ట్జ్‌కు రిజల్యూషన్ కూడా సరిగ్గా ఏడున్నర మీటర్లే, కాబట్టి మ్యాప్‌లో పక్క రేంజ్ గదిలో కనబడాలి. కనబడిందంటే మీ కోరిలేటర్ కూడా సరిగా ఉన్నట్టే, ఒక దెబ్బకు రెండు పరీక్షలు.

లైట్లన్నీ వేసే ఉంచండి. కేబుల్ లోపలికి ట్యూబ్‌లైట్ రాదు. దెయ్యం అప్పుడు కూడా ఉంటే దానిది కరెంటు వైరే.

ఇంకో మాట. ప్లస్, మైనస్ రెండు పక్కలా సమానంగా వస్తోందని మీరే రాశారు. నిజంగా దగ్గరికొచ్చే మనిషైతే ప్లస్‌లోనే ఉంటాడు, పోయేవాడైతే మైనస్‌లోనే. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉంటే ఎక్కడో గెయిన్ ఊగుతోందని అర్థం. ట్యూబ్‌లైట్ అయినా ఊగుడే, ఎల్ఎన్ఏ అయినా ఊగుడే.

వేదిక_నిర్వాహకుడు:
కేబుల్ పరీక్ష మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకునే బ్యాండ్, అయినా పవర్ తక్కువే పెట్టండి, పక్కింటోళ్ల వైఫై కూడా అక్కడే ఉంది. ఈ బ్యాండ్ దాటి విశాలంగా నాయిస్ పంపాలని ఎవరికైనా సరదా ఉంటే కేబుల్లోనే తీర్చుకోండి.

గోదావరిఖని_బొగ్గు:
నాకు ఈ లెక్కలు రావు గని ఓపెన్‌కాస్ట్ గనిల పనిచేస్తా, అంచులు జారుతున్నయా అని చూసే స్లోప్ రాడార్ల గురించి వింటుంట. అవి మిల్లీమీటర్ లోపల కదలిక పట్టుకుంటయంటరు. ఏడున్నర మీటర్ల రిజల్యూషన్ అంటున్నరు మీరు, మరి మిల్లీమీటర్ ఎట్ల?

మానేరు_మైక్రోవేవ్:
అన్నా అది ఫేజ్ ఆట. రేంజ్ రిజల్యూషన్ అనేది రెండు వస్తువులను విడదీసి చూపేటందుకు, అదేమో బ్యాండ్‌విడ్త్ మీద ఉంటది, 100 మెగాహెర్ట్జ్‌కు మీటరున్నర, ఒక గిగాహెర్ట్జ్‌కు 15 సెంటీమీటర్లు. ఒకటే రాయి ఎంత జరిగిందో చూడాలంటే దాని ఫేజ్ చూస్తే చాలు. 10 గిగాహెర్ట్జ్‌ల వేవ్‌లెంత్ 3 సెంటీమీటర్లు, రాయి ఒక మిల్లీమీటర్ జరిగితే పోనురాను 2 మిల్లీమీటర్లు, 24 డిగ్రీల ఫేజ్ మారతది. 24 డిగ్రీలంటే మస్తు, సులువుగ దొరుకుతది. నాయిస్ సిగ్నల్‌తోని ఈ పని చేసినోళ్లు కూడా ఉన్నరు, ఉక్రెయిన్‌లో ఖార్కివ్‌ల లూకిన్ గారి బృందం ఏండ్ల తరబడి నాయిస్ రాడార్ మీదనే ఉన్నది.

పరకాల_పిల్ల:
ఇదంతా కొత్త టెక్నాలజీ కదా సార్?

రిటైర్డ్_రాడార్:
కొత్తదేం కాదమ్మా. నాయిస్‌తో దూరం కొలవొచ్చని హార్టన్ అనే ఆయన 1959లోనే పేపర్ రాశాడు. మన వరంగల్ ఆర్ఈసీకి (ఇప్పటి ఎన్ఐటీకి) నెహ్రూ గారు పునాదిరాయి వేసింది కూడా ఆ ఏడే, నాకు అందుకే గుర్తు. ఆలోచన పాతదే, చేతిలో సామానే లేదు. పంపిన నాయిస్‌ను కొంతసేపు ఆపి ఉంచి వచ్చినదానితో పోల్చాలంటే అప్పుడు డిలే లైన్లు కావాలి, ఒక్కో దూరానికి ఒక్కో డిలే. వేగంగా పనిచేసే ఏడీసీలు (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్పులు), మెమరీ వచ్చేదాకా అది ప్రయోగశాల దాటలేదు. 1990లలో నెబ్రాస్కాలో రామ్ నారాయణన్ గారు 1 నుంచి 2 గిగాహెర్ట్జ్ నాయిస్ రాడార్ కట్టారు. ఇప్పుడు మీ కుర్రవాడు కిరాయి రూంలో కడుతున్నాడు.

శత్రువుకు కనబడదు అని ప్రచారం చేస్తారు, అది సగమే నిజం. పవర్ అంతా విశాలమైన బ్యాండ్‌లో పల్చగా పరుచుకుంటుంది, కాపీ లేనివాడికి అది మామూలు నాయిస్ లాగే ఉంటుంది, కాబట్టి పట్టుకోవడం కష్టం. దగ్గరికొచ్చి శక్తి కొలిచేవాడికి మాత్రం ఇక్కడేదో ఉందని తెలిసిపోతుంది.

కాజీపేట_జంక్షన్:
సార్ చెప్పినట్టే చేసిన. కేబుల్ రెండో రేంజ్ గదిలనే సక్కగ కనబడ్డది, కోరిలేటర్‌ల లోపం లేదు. ట్యూబ్‌లైట్ వేసే ఉన్నది, రాత్రి ఏడున్నర. దెయ్యం ఉన్నది. ప్లస్ 100, మైనస్ 100, అసలు సిగ్నల్ కన్న 45, 46 డీబీ కింద. ఈసారి అది గుడ రెండో గదిలకు జరిగింది, కేబుల్‌తోని కలిసి.

హన్మకొండ_హార్డ్‌వేర్:
అయితే ట్యూబ్‌లైట్ బచాయించింది. ఎల్ఎన్ఏకు కరెంటు ఎక్కడినుంచి ఇస్తున్నవ్? ఫోటో పెట్టు.

కాజీపేట_జంక్షన్:
9 వోల్టుల పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్, దాని తర్వాత 7805 (5 వోల్టుల రెగ్యులేటర్ చిప్పు), దాని తర్వాత బోర్డు. మల్టీమీటర్‌ల చూస్తే 4.97 వోల్టులు వస్తున్నది, అందుకే సప్లై మీద అనుమానం రాలేదు. ఎస్ఎంపీఎస్ (స్విచ్చింగ్ అడాప్టర్) అయితే నాయిస్ ఉంటదని కావాలనే ట్రాన్స్‌ఫార్మర్‌ది పెట్టిన.

హన్మకొండ_హార్డ్‌వేర్:
దొరికింది. చూడు, 7805కు లోపలికి కనీసం 7 వోల్టులు ఉండాలి, అంతకన్నా తగ్గితే రెగ్యులేట్ చేయడం మానేసి వచ్చినదాన్ని వచ్చినట్టు కిందికి జారవిడుస్తది. పాత అడాప్టర్ లోపల కెపాసిటర్ ఎండిపోయి ఉంటది, సెకండుకు 100 సార్లు పల్లంలోకి దిగుతది. పొద్దున కరెంటు నిండుగ ఉంటే పల్లం కూడా 7 పైనే ఉంటది, ఏ బాధా లేదు. సాయంత్రం మీ గల్లీల వోల్టేజీ పడిపోతది, పల్లం 7 కింద పడతది, 5 వోల్టులకు సన్నటి గుంతలు పడతయ్. మల్టీమీటర్ డీసీ మీద సగటే చూపిస్తది, గుంతలు చూపించది. స్కోప్ లేకుంటే ఏసీ రేంజ్‌ల పెట్టి చూడు.

అడాప్టర్ బద్దలుకొట్టి కెపాసిటర్ చూస్తే పైన ఉబ్బి ఉంటది, పందెం.

మానేరు_మైక్రోవేవ్:
లెక్క సరిపోతున్నది చూడుండ్రి. గెయిన్ వోల్టేజీ లెక్కల ఒక్క శాతం ఊగిందనుకో, ప్లస్, మైనస్ దిక్కుల వచ్చే పక్క బ్యాండ్లు ఒక్కోటి అర శాతం, అంటే మైనస్ 46 డీబీ. తమ్ముడు కొలిచింది గదే. ఒక్క శాతం అంటే 0.09 డీబీ, ఏ స్పెక్ట్రమ్ అనలైజర్ మీద పెట్టినా కంటికి ఆనదు.

ఇప్పుడు దాని పక్కన మనిషి ఎంత ఉంటడో చూడు. పంపేది 0 డీబీఎం (ఒక మిల్లీవాట్), యాంటెన్నాల గెయిన్ 10 డీబీఐ అనుకో, 30 మీటర్ల దూరంల ఒక చదరపు మీటర్ అంత మనిషి. వాపస్ వచ్చేది మైనస్ 90 డీబీఎం. లీకేజీ మైనస్ 40. మనిషి లీకేజీ కన్న 50 డీబీ కింద ఉన్నడు, దెయ్యం 46 కింద ఉన్నది. మనిషి కన్న దెయ్యమే పెద్దది! సగటు తీసేస్తే లీకేజీ పోతది, ఎందుకంటే అది కదలదు. దాని ఊగుడు మాత్రం పోదు, ఆ ఊగుడే నీకు 22 కిలోమీటర్ల స్పీడుతోని ఉరుకుతున్న బండి లెక్క కనబడుతున్నది.

కాజీపేట_జంక్షన్:
ఏసీ రేంజ్‌ల నిజంగనే రీడింగ్ వచ్చింది, పొద్దున సున్నా, సాయంత్రం ఆడుతున్నది. ఇప్పుడు పవర్ బ్యాంక్ పెట్టొచ్చా?

హన్మకొండ_హార్డ్‌వేర్:
పవర్ బ్యాంక్‌ను బ్యాటరీ అనుకోకు. లోపల 3.7ను 5 చేసే బూస్ట్ కన్వర్టర్ ఉంటది, 100 హెర్ట్జ్ పోయి వేరే చప్పుడు వస్తది. ముందు పరీక్షకు నాలుగు రీచార్జ్ సెల్లులు వరుసగ పెట్టు, 5 వోల్టుల దగ్గర ఉంటది, రెగ్యులేటర్ కూడా అక్కర్లేదు. దెయ్యం పోతే తర్వాత పర్మనెంట్‌గ చేద్దాం.

పర్మనెంట్ అంటే ఇట్ల. 12 వోల్టుల మంచి అడాప్టర్, దాని తర్వాత కెపాసిటెన్స్ మల్టిప్లయర్, దాని తర్వాత లో నాయిస్ రెగ్యులేటర్. మామూలుగ 10 ఓమ్‌లు, 470 మైక్రోఫారడ్ పెడితే 100 హెర్ట్జ్‌కు మూడింతలే తగ్గుతది, పైగా 90 మిల్లీఆంపులు తాగే బోర్డుకు 0.9 వోల్టు అక్కడే పోతది. అదే ఒక ట్రాన్సిస్టర్ పెట్టి దాని బేస్ దగ్గర కిలో ఓమ్, 470 మైక్రోఫారడ్ పెట్టు, బేస్‌కు పోయేది సన్నటి కరెంటే కాబట్టి పెద్ద రెసిస్టర్ పెట్టినా నష్టం లేదు, లెక్క ప్రకారం 100 హెర్ట్జ్ 49 డీబీ దాకా పడిపోతది. దానికి కూడా పైన వోల్టేజీ మిగలాలి, 9తోని కాదు. సామాన్లు కోఠీ గుజరాతీ గల్లీల దొరుకుతయ్, ఆదివారం పోకు.

భద్రకాళి_చెరువు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. ఎల్ఎన్ఏ మార్చి అర డీబీ నాయిస్ ఫిగర్ (తనవైపు నుంచి ఎంత నాయిస్ కలుపుతుందో చెప్పే కొలత) ఉన్నది కొనొచ్చు కదా, ఇప్పుడున్నదానికంటే మంచి రిజల్ట్ రాదా? ప్రాజెక్టుకు మార్కులు కూడా పడతాయి.

రిటైర్డ్_రాడార్:
మార్కుల సంగతి నాకు తెలియదు, రాడార్‌కు మాత్రం ఏమీ పడదు. మన లెక్కే చూడండి. గది ఉష్ణోగ్రతలో నాయిస్ హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం, 20 మెగాహెర్ట్జ్‌కు మైనస్ 101. రిసీవర్ నాయిస్ ఫిగర్ 6 డీబీ అంత చెత్తగా ఉన్నా మైనస్ 95. మనిషి మైనస్ 90 దగ్గర ఉన్నాడు, కోరిలేషన్ 63 డీబీ ఇస్తుంది. అంటే 68 డీబీ మిగులు. అందులో అర డీబీ కోసం డబ్బులు పోయడం దండగ. ఇక్కడ శత్రువు థర్మల్ నాయిస్ కాదు, లీకేజీ. ఎల్ఎన్ఏకు పెట్టే డబ్బుతో రెండు యాంటెన్నాల మధ్య అడ్డంగా ఒక రేకు పెట్టించండి, దూరం జరపండి.

నాయిస్ ఫిగర్ ఏ ఫ్రీక్వెన్సీలో పనికొస్తుందో కూడా తెలియాలి. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని చూసే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీలో పాలపుంత నుంచి వచ్చే నాయిసే వేల కెల్విన్లు ఉంటుంది. అక్కడ అర డీబీ ఎల్ఎన్ఏ పెట్టినా, రెండు డీబీది పెట్టినా ఆకాశం ముందు తేడా తెలియదు. పైకి గిగాహెర్ట్జ్‌లలోకి వెళ్లి యాంటెన్నాను చల్లటి ఆకాశం వైపు తిప్పినప్పుడు ఒక్కో పదో వంతు డీబీకి విలువ.

ఎల్ఎన్ఏ దగ్గర మీరు చూడాల్సింది అది ఎక్కడ కూర్చుంది అన్నది. యాంటెన్నా దగ్గర ఉందా, లేక 5 మీటర్ల కేబుల్ తర్వాత ఉందా?

కాజీపేట_జంక్షన్:
సార్ కేబుల్ తర్వాతనే ఉన్నది, బల్ల మీద. యాంటెన్నా కిటికీల ఉన్నది.

మానేరు_మైక్రోవేవ్:
ఫ్రీస్ ఫార్ములా (వరుసగ ఉన్న భాగాల నాయిస్ కలిపే లెక్క) వేసుకో తమ్మీ. ఎల్ఎన్ఏ ఒక డీబీ, గెయిన్ 15 డీబీ, వెనుక రిసీవర్ 6 డీబీ అనుకుంటే మొత్తం 1.3 డీబీ. దానికి ముందు 5 మీటర్ల ఆ కేబుల్ పెట్టినవంటే 5 డీబీ నేరుగ కలుస్తది, 6.3. ఎల్ఎన్ఏను కిటికీ దగ్గరికి తీసుకపో, కేబుల్ దాని వెనుకకు పోతే మొత్తం 2.1 అయితది, పైస ఖర్చు లేకుంట 4 డీబీ. ఈ లెక్కల అది ఎక్కువ పనికిరాదని సార్ చెప్పిండు గని రేపు 500 మీటర్లు చూడాలనుకుంటే మనిషి ఇంకో 49 డీబీ పడిపోతడు, అప్పుడు మిగులు 19కి వస్తది, ఆ 4 డీబీ అప్పుడు గుర్తొస్తది.

ఇంకోటి, 16384నే తిప్పుతున్నవ్ కద, దాంట్ల లాభం ఉన్నది నష్టం ఉన్నది. ఒకే నాయిస్ తిరుగుతుంటే సైడ్‌లోబులు (అసలు సిగ్నల్ చుట్టు వేరే దూరాలల్ల పడే చెత్త) కూడా ప్రతి చుట్టుల అవే వస్తయ్, ఎంతసేపు కలిపినా లీకేజీకి 42 డీబీ కిందనే ఆగిపోతయ్. 50 కింద ఉన్న మనిషి కదలకుండ నిలబడితే వాటి కింద కప్పబడిపోతడు. కానీ ఆ చెత్త అంతా సున్నా డాప్లర్ మీదనే పడి ఉంటది, నడిచే మనిషి సెకండుకు మీటరున్నర అంటే 24 హెర్ట్జ్, చెత్త లేని చోట ఉంటడు. నిజమైన, మళ్ల తిరిగి రాని నాయిస్ పంపితే ఫ్లోర్ (ఆ చెత్త మట్టం) 63 దాకా దిగుతది గని అది మ్యాప్ అంతా పరుచుకుంటది, నడిచేటోని మీద గుడ. నేనైతే రూం ప్రాజెక్టుకు తిరిగేదే బెస్ట్ అంట.

రిటైర్డ్_రాడార్:
నేను ఒప్పుకోను. తిరిగేది పెడితే దాన్ని నాయిస్ రాడార్ అనడం దేనికి, కోడ్ రాడార్ అనండి. ఎవడైనా ఒక చుట్టు విని నేర్చుకుంటే కాపీ వాడి దగ్గర కూడా ఉన్నట్టే. తిరగని నాయిస్ పంపి, లీకేజీని లీస్ట్ స్క్వేర్స్‌తో (లీకేజీ ఎంతో లెక్కగట్టి తీసేసే గణిత పద్ధతితో) ముందే తీసేస్తే ఆ పరుచుకున్న ఫ్లోర్ కూడా దిగుతుంది. లెక్క బరువు, ఒప్పుకుంటాను, ల్యాప్‌టాప్ నిదానిస్తుంది.

మానేరు_మైక్రోవేవ్:
సార్, లీకేజీ ఊగుతుంటే లీస్ట్ స్క్వేర్స్ గుడ సక్కగ తీయలేదు కద. ముందు సప్లై బాగుపడాలె, తర్వాత మీ పద్ధతి.

రిటైర్డ్_రాడార్:
అది నిజం.

కాజీపేట_జంక్షన్:
అప్‌డేట్. నాలుగు సెల్లులు పెట్టిన, రాత్రి ఎనిమిదింటికి, కేబుల్‌తోని. 100 దగ్గర ఏం లేదు, ఫ్లోర్‌ల కలిసిపోయింది. మళ్ల యాంటెన్నాలు పెట్టిన, ట్యూబ్‌లైట్ వేస్తే చిన్నగ వస్తున్నది, మునుపటి దానికన్న 15 డీబీ కింద, ఆపితే పోతున్నది. అంటే ట్యూబ్‌లైట్ గుడ ఉన్నదే గని చిన్న దొంగ. అడాప్టర్ విప్పిన, కెపాసిటర్ ఉబ్బలేదు అన్నా, అడుగున కారి ఉన్నది.

కిందికి పోయి మా దోస్తును రోడ్డు మీద నడవమన్న. 24 హెర్ట్జ్ కాడ సక్కగ దొరికిండు, వెనక్కి తిరిగితే మైనస్‌లకు పోయిండు.

హన్మకొండ_హార్డ్‌వేర్:
పందెం సగం నాది. ఎల్ఈడీ లైటు పెట్టుకో, చవకది కాకుండ.

పరకాల_పిల్ల:
కంగ్రాట్స్ అన్నా! మా కాలేజీలో హ్యాక్ఆర్ఎఫ్ (ఇంకో రకం ఎస్‌డీఆర్ బోర్డు) ఒకటి ఉంది, బీటెక్ ప్రాజెక్టుకు ఇదే చేయొచ్చా?

మానేరు_మైక్రోవేవ్:
ఒక్కదానితోని కాదు చెల్లె, అది హాఫ్ డ్యూప్లెక్స్, పంపేటప్పుడు వినది. రెండు ఉంటే చేయొచ్చు, ఒకదాని 10 మెగాహెర్ట్జ్ క్లాక్ అవుట్ ఇంకోదాని క్లాక్ ఇన్‌కు కలపాలె, లేకుంటే రెండు క్రిస్టల్స్ వేర్వేరుగ జారి గోడలు గుడ నడుస్తున్నట్టు కనబడతయ్. 8 బిట్లే కాబట్టి లీకేజీ ఇంకా తగ్గించుకోవాలె, మంచిగ చూసుకున్నా 50 డీబీ చిల్లర రేంజే, ప్లూటోకు 12 బిట్లు. మీ సార్‌ను ప్లూటో అడుగు ముందు.